రాత్రి పదకొండున్నర చుక్కలు: ఒక పిల్లిగద్ద కేసు

ఈ కేసులో ఊరి పేరు గానీ, మండలం గానీ, మనుషుల పేర్లు గానీ రాయడం లేదు. నేల మీద నిద్రపోయే పక్షుల పడక ఎక్కడుందో పదిమందికీ తెలిస్తే ఆ పక్షులకే ప్రమాదం. రాయలసీమలో నల్లరేగడి చేల మధ్య మిగిలిన ఒక గడ్డిభూమి అని మాత్రం చెబుతాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టు, మేం చేసిన పొరపాట్లతో సహా రాస్తున్నాను. ట్యాగ్ (పక్షి ఎక్కడుందో తెలిపే చిన్న పరికరం) పెట్టిన పక్షి నుంచి సిగ్నల్ ఆగిపోతే మొదటి రోజు ఏం చూడాలో మాకు ముందే తెలిసి ఉంటే, ఒక రైతు మనసు కష్టపెట్టి ఉండేవాళ్లం కాదు.

నేపథ్యం

పిల్లిగద్ద మామూలు గద్దకంటే సన్నగా, తేలిగ్గా ఉంటుంది. పొడవాటి రెక్కలు, పొడవాటి తోక, గుడ్లగూబను గుర్తుచేసే గుండ్రటి మొహం. ఎత్తున తిరగదు. గడ్డి మీద మనిషి ఎత్తులో అటూ ఇటూ ఊగుతూ వెళుతుంది, కింద చిన్న కదలిక వినపడితే చటుక్కున వాలుతుంది. మన గడ్డిభూములకు చలికాలంలో వచ్చేవాటిలో ఎక్కువ మాంటేగ్యూస్ హారియర్, పాలిడ్ హారియర్ అనే రెండు రకాలు. కజకిస్తాన్, దక్షిణ రష్యాల్లోని స్టెప్పీలనే గడ్డిమైదానాల్లో గూడు కట్టి, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇక్కడికి వచ్చి, మార్చి, ఏప్రిల్‌లో తిరిగి వెళతాయి.

పగలంతా ఒక్కొక్కటీ కిలోమీటర్ల దూరంలో విడివిడిగా వేటాడతాయి కాబట్టి పగలు లెక్కపెట్టడం దాదాపు అసాధ్యం. పొద్దు గుంకేవేళకు మాత్రం అన్నీ ఒకచోటికి చేరి గడ్డిలో నేల మీదే పడుకుంటాయి. ఈ రాత్రి బసను మేం రూస్ట్ అంటాం. గుజరాత్‌లోని వెలావదర్ ఈ పక్షుల రూస్ట్‌కు ప్రపంచమంతా ప్రసిద్ధి. మాది అంత పెద్దది కాదు. కానీ మూడు చలికాలాలుగా మేం లెక్కపెడుతున్న చోటు, వందకు తగ్గని చోటు.

నాలుగో చలికాలం నవంబరులో లెక్క ముప్పై దాటలేదు.

సమస్య మా ముందుకు ఎలా వచ్చింది

లెక్క తగ్గిన వారానికే ఒక గొర్రెల కాపరి పత్తిచేను గట్టు మీద చచ్చిపడి ఉన్న పిల్లిగద్దను చూపించాడు. పురుగులు పట్టి, లోపలి అవయవాలు మిగలలేదు. విష పరీక్షకు పనికొచ్చే స్థితిలో లేదు. అటవీశాఖ సిబ్బందికి చెప్పి పంచనామా చేయించాం, ఫోటోలు తీశాం. అంతకుమించి ఏమీ చెయ్యలేకపోయాం.

కానీ నా మనసులో కారణం అప్పటికే స్థిరపడిపోయింది. 1990ల మధ్యలో అమెరికాలో స్వైన్సన్స్ హాక్ అనే డేగ సంఖ్య ఎందుకు తగ్గుతోందో అంతుపట్టక, ఉత్తర కాలిఫోర్నియాలో కొన్ని పక్షులకు ఉపగ్రహ ట్యాగ్‌లు పెట్టారు. అవి చలికాలం గడిపే అర్జెంటీనాలోని పంపాలనే గడ్డిమైదానాలకు దారి చూపించాయి. శాస్త్రవేత్తలు అక్కడికి వెళితే పొలాల్లో వేలాది డేగలు చచ్చిపడి ఉన్నాయి. మిడతల కోసం కొట్టిన మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు వాటిని చంపింది. 1995-96 సీజన్లో చనిపోయినవి ఇరవై వేల వరకు ఉంటాయని అంచనా. మా పిల్లిగద్దలు తినేదీ మిడతలే. మా పత్తిచేలల్లో ఏళ్ల తరబడి వాడిందీ ఆ మందే. రెండు కథలూ ఇంత బాగా కలిసిపోతుంటే ఇంకో కారణం వెతకాలనిపించదు. ఈ కేసులో మా మొదటి పొరపాటు అక్కడే మొదలైంది.

ఒక నిర్ణయం మాత్రం సరిగ్గా తీసుకున్నాం. స్థానిక విలేకరి ఒకరు అడిగినా పురుగుమందు మాట ఎత్తలేదు. ఒక్క పక్షి, అదీ పరీక్షకు అందని పక్షి, దాని మీద అంత మాట నిలబడదు.

ముందు లెక్కనే అనుమానించాం

పక్షులు తగ్గాయా, మా లెక్క తప్పిందా? ట్యాగ్‌కు ఖర్చుపెట్టే ముందు ఈ ప్రశ్న తేలాలి. అంతకుముందు ఏళ్లలో ఒక్కరే ఒక గట్టు మీద కూర్చుని లెక్కపెట్టేవాళ్లం. పిల్లిగద్దలు వచ్చిన వెంటనే పడుకోవు. వాలతాయి, లేస్తాయి, చుట్టూ తిరిగి మళ్లీ వాలతాయి. ఒకే పక్షిని రెండుసార్లు రాసే ప్రమాదం ఉంది. అందుకని ఈసారి ముగ్గురం మూడు దిక్కుల్లో కూర్చుని, సూర్యాస్తమయానికి గంట ముందు నుంచి చీకటి పడేదాకా, ప్రతి పక్షీ ఏ దిక్కు నుంచి ఏ నిమిషంలో లోపలికి వచ్చిందో రాశాం. తర్వాత మూడు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి సరిపోల్చాం. మర్నాడు తెల్లవారుజామున బయటికి వెళ్లేవాటిని లెక్కపెట్టాం. రెండు లెక్కలూ దగ్గరదగ్గరగా వచ్చాయి. పాత లెక్కల్లో కొంత ఎక్కువ రాసి ఉంటాం, నిజమే. అయినా వంద నుంచి ముప్పైకి పడటాన్ని అది వివరించదు.

తర్వాత పెల్లెట్లు. వేటపక్షి అరగని భాగాలను, అంటే వెంట్రుకలు, ఈకలు, మిడతల దవడలు, అన్నిటినీ ఉండగా చుట్టి కక్కేస్తుంది. పక్షులు వెళ్లిపోయాక ఎండెక్కిన తర్వాతే లోపలికి వెళ్లి ఏరాం. వారానికి ఒక్కసారే వెళ్లాలని నియమం పెట్టుకున్నాం, పడకను తొక్కేస్తే మనమే వాటిని తరిమినట్టు. నీళ్లలో నానబెట్టి, పటకారుతో విడదీసి, భూతద్దం కింద చూశాం. మిడతల దవడలే ఎక్కువ, తర్వాత చిన్న పిట్టల ఈకలు, ఎలుకల వెంట్రుకలు. ఎముకలు తక్కువ. గుడ్లగూబల కంటే పగటి వేటపక్షులు ఎముకను బాగా అరిగించుకుంటాయి, అందుకే ఎలుక జాతిని వెంట్రుకను బట్టి పోల్చాల్సి వచ్చింది. తిండి మారలేదని, ఆకలితో వెళ్లిపోలేదని అర్థమైంది. ఎక్కడికి వెళ్లాయో మాత్రం పెల్లెట్ చెప్పదు.

ట్యాగ్ నిర్ణయం

అడవి పక్షిని పట్టుకోవడమంటే దానికి భయం, నొప్పి కలిగించడమే. కళ్లతో, పెల్లెట్‌తో తేలే ప్రశ్నకు ట్యాగ్ పెట్టకూడదని నా పట్టుదల. ఇక్కడ ప్రశ్న "ఎక్కడ" అన్నది, దానికి వేరే దారి లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 12వ సెక్షన్ కింద అనుమతికి దరఖాస్తు పెట్టాం. అనుమతి చేతికొచ్చేసరికి ఆ చలికాలం గడిచిపోయింది. ఐదో చలికాలం నవంబరు చివర్లో పని మొదలుపెట్టాం. అప్పటికీ రూస్ట్ లెక్క పాతికే.

మొదట బాల్‌చత్రి వాడాం. మన దేశపు పాత వేటగాళ్ల నుంచి ప్రపంచమంతా నేర్చుకున్న ఉచ్చు ఇది. లోపల ఎలుక భద్రంగా ఉండే చిన్న పంజరం, దాని పైన ఉచ్చులు. వేటపక్షి వచ్చి గోళ్లు వేస్తే ఉచ్చు బిగుస్తుంది. పిల్లిగద్దలు పంజరం మీదుగా ఎగిరి వెళ్లాయే తప్ప నిలబడలేదు. నాలుగు రోజులు చూసి మానేశాం. తెల్లారగానే అవి వచ్చి కూర్చునే కొన్ని మట్టిదిబ్బలున్నాయి. వాటి మీద ఉచ్చుల చాప పరిచి, యాభై గజాల దూరంలో తుమ్మచెట్టు కింద కాపలా కూర్చున్నాం. సాయంత్రం పట్టుకోవడం సులువే, కానీ వదిలేసరికి చీకటి పడుతుంది, బెదిరిన పక్షి చీకట్లో పడక వెతుక్కోవాలి. అందుకే పొద్దున్నే.

మొదట దొరికింది మగపక్షి. తూకం 255 గ్రాములు. పక్షి బరువులో మూడు శాతం దాటిన భారం దాని వీపు మీద పెట్టకూడదని ఈ రంగంలో ఎక్కువమంది పాటించే హద్దు. ఈ పక్షికి అది ఏడున్నర గ్రాముల చిల్లర. మా ట్యాగ్ పట్టీతో కలిపి పది గ్రాములు. చలికాలం జారిపోతోంది, మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు, పక్కనున్నవాళ్లు "నాలుగు శాతమేగా" అన్నారు. కాలికి ఉంగరం మాత్రం వేసి వదిలేశాను. వేల కిలోమీటర్లు ఎగరాల్సిన పక్షి అది. ఈ ప్రశ్నకు సమాధానం దాని ప్రాణంతో కొనాల్సిన అవసరం లేదు.

ఆరో రోజు ఆడపక్షి దొరికింది. 345 గ్రాములు. హద్దు పది గ్రాముల పైచిలుకు, సరిపోతుంది. కళ్లకు చిన్న టోపీ తొడిగాం. చీకటి కాగానే వేటపక్షి నెమ్మదిస్తుంది. టెఫ్లాన్ పట్టీని రెండు రెక్కల చుట్టూ తిప్పి, రొమ్ము మీద నూలుదారంతో కుట్టాం. నూలు ఎందుకంటే కొన్నేళ్లకు అది చీకిపోయి మొత్తం ఊడి పడాలి. జీవితాంతం మోయకూడదు. ఇరవై ఐదు నిమిషాల్లో వదిలాం. కాస్త దూరం వెళ్లి వాలి, ఈకలు సర్దుకుని, గాలిలోకి లేచింది. ఆ క్షణం ఎన్నిసార్లు చూసినా నా గుండె వేగం తగ్గదు.

ఎక్కడ విఫలమయ్యాం

ట్యాగ్ సౌరశక్తితో నడిచేది. గంటకోసారి తానెక్కడుందో జీపీఎస్‌తో నమోదు చేసుకుని, మొబైల్ టవర్ అందినప్పుడు పంపుతుంది. ఒక్కో నమోదూ పటం మీద మాకు ఒక చుక్క. రెండు వారాలు చక్కగా పనిచేసింది. మొదటి రెండు రాత్రులే పాత రూస్ట్‌లో గడిపింది. ఆ తర్వాత రాత్రులు ఎక్కడెక్కడో, ఒకచోట నిలకడ లేదు.

డిసెంబరులో వాయుగుండం పట్టింది. నాలుగు రోజులు సూర్యుడు కనపడలేదు. చుక్కలు రోజుకు ఒక్కటికి తగ్గాయి. ఆ ఒక్కటీ ప్రతిరోజూ ఒకే చోట, పాత రూస్ట్‌కు పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో, ఒక పత్తిచేను పక్కన. అలా ఆరు రోజులు. తర్వాత పూర్తి నిశ్శబ్దం.

పటం మీద ఆరు చుక్కలు ఒకదాని మీద ఒకటి కనపడగానే నాకు అర్జెంటీనా గుర్తొచ్చింది. పత్తిచేను, కదలని పక్షి, ఆగిన సిగ్నల్. టెన్షన్‌తో తెల్లవారకముందే బయలుదేరాం. ఆ చేను వరుస వరుసా గాలించాం. పక్కనే కంప వేసిన ఇరవై ఎకరాల బీడు ఉంటే, అందులోనూ ఒక చుట్టు తిరిగాం. శరీరం దొరకలేదు. అప్పుడు చేను రైతు వచ్చాడు. నేను ఆయన్ను అడిగిన మొదటి మాట, "ఈ వారంలో ఏం మందు కొట్టారు?" ఆయన మొహం మారిపోయింది. ఆ వారం ఆయన ఏ మందూ కొట్టలేదు, వానలో ఎవరు కొడతారు? కేసు పెట్టడానికి వచ్చామని ఊళ్లో మాట పాకింది. ఆ సాయంత్రం మాకు మంచినీళ్లు ఇచ్చినవాళ్లు లేరు.

మాతో వచ్చిన పెద్దాయన, మొదట చచ్చిన పక్షిని చూపించిన కాపరే, ఒక్క మాట అన్నాడు. "సచ్చింటే ఈకలన్నా పడుండాల గదా సార్. నక్క తిన్నా బొచ్చు మిగులుతాది." నేను వినిపించుకోలేదు. ట్యాగ్ గడ్డిలో కూరుకుపోయి ఉంటుందని సమాధానం చెప్పాను.

మలుపు

మా బృందంలో చిన్నమ్మాయి, ఎమ్మెస్సీ ముగించి ఆ ఏడాదే చేరింది, బీడులో తిరిగినప్పుడు అలవాటు కొద్దీ రెండు పెల్లెట్లు ఏరి జేబులో వేసుకుంది. రాత్రి గదికి వచ్చాక బల్ల మీద పెట్టింది. వాన తర్వాత పడ్డవి, ఇంకా విచ్చిపోలేదు. ఒకే పక్షివి రెండు ఉండొచ్చు. కానీ అవి ఒకదానికొకటి ముప్పై అడుగుల దూరంలో దొరికాయట. "సర్, ఇక్కడ పడుకుంటున్నాయేమో" అంది.

అప్పుడు మొదటిసారి పటం మూసి పట్టిక తెరిచాం. ఆరు చుక్కల పక్కనా సమయం 18:00 అని ఉంది. ట్యాగ్ గడియారం గ్రీనిచ్ సమయంతో నడుస్తుంది. మన గడియారం ఐదున్నర గంటలు ముందు. అంటే రాత్రి పదకొండున్నర. బ్యాటరీ పడిపోతే ట్యాగ్ తనను తాను కాపాడుకోవడానికి రోజుకు ఒక్క చుక్కే తీసుకుంటుంది, ఆ ఒక్కటీ 18:00 కే తీసుకునేలా కొన్ననాటి నుంచే అమరి ఉంది. ఆరు రాత్రులు పదకొండున్నరకు ఒకేచోట ఉన్న పక్షి చచ్చిందో నిద్రపోతోందో ఆ చుక్కలు చెప్పలేవు. ఇంకోటి కూడా కళ్లముందే ఉంది. కదలని ట్యాగ్ జీపీఎస్ చుక్కలు సాధారణంగా పది పదిహేను మీటర్ల లోపు చెదురుతాయి. ఇవి ఎనభై మీటర్ల మేర పరుచుకుని ఉన్నాయి. పటాన్ని దూరం నుంచి చూశాం కాబట్టి ఒకే చుక్కలా కనపడింది. ప్రతి రాత్రీ కాస్త అటో ఇటో పడుకుంటున్న బతికున్న పక్షి అది. మబ్బులకు బ్యాటరీ చచ్చింది, పక్షి కాదు.

మర్నాడు సాయంత్రం నాలుగున్నరకు బీడుకు దూరంగా రెండు వైపులా కూర్చున్నాం. ఐదున్నరదాకా ఏమీ లేదు. తర్వాత పడమటి నుంచి ఒకటి, వెంటనే మూడు, తర్వాత లెక్కపెట్టడానికి చెయ్యి ఆడనంతగా. చీకటి పడేసరికి నా పుస్తకంలో అరవై ఎనిమిది. ఆమె పుస్తకంలో డెబ్భై ఒకటి. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. నాలుగు రోజుల తర్వాత ఎండ కాసి ట్యాగ్ లేచింది.

ఆ మర్నాడే రైతు ఇంటికి వెళ్లాను. "పెద్దాయనా, తప్పు మాది. మీ చేనును అనుమానించాను, మన్నించండి" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ బీడు అన్నదమ్ముల వ్యాజ్యంలో పడి ఆరేళ్లుగా దున్నకుండా ఉందని, గొర్రెలు దూరకుండా కంప వేశారని, రెండేళ్లుగా సాయంత్రాలు గద్దలు దిగుతున్నాయని ఆయనే చెప్పాడు. మేం అడిగి ఉంటే మొదటి రోజే చెప్పేవాడు.

ఎందుకు మారాయి

రెండేళ్లు అనేసరికి పాత రూస్ట్‌లో అప్పుడేం మారిందో వెతికాం. మూడు అనుమానాలు: ఊరకుక్కలు, కొత్తగా వచ్చిన దీపస్తంభం, గడ్డి కోత. కుక్కల అడుగులు రెండు చోట్లా కనపడ్డాయి, కాబట్టి ఒకచోటు వదిలి రెండోచోటికి వెళ్లడానికి అవి కారణం కావు. దీపం పక్షులు తగ్గిన తర్వాతి వేసవిలో వచ్చింది. మిగిలింది గడ్డి. పూర్వం సంక్రాంతి తర్వాత కొడవళ్లతో కోసేవాళ్లు. ఇప్పుడు కట్టలు కట్టే యంత్రం వచ్చి అక్టోబరులోనే, పక్షులు దిగుతున్న రోజుల్లోనే, మొత్తం కోసేస్తోందని కాపరులు చెప్పారు. ఈసారి మాట విని ఊరుకోకుండా సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలతో సరిచూశాం. ఐదు రోజులకో చిత్రం ఉచితంగా దొరుకుతుంది. కోసిన మేర పాలిపోయిన పలకల్లా కనపడుతుంది. రెండేళ్లూ అక్టోబరు కోతే. మోకాలి ఎత్తు గడ్డి లేనిచోట నేల మీద పక్షి ఎలా పడుకుంటుంది?

పాత గడ్డిభూమిలో పదిహేను ఎకరాలు ఫిబ్రవరి చివరిదాకా కోయకుండా వదలమని అటవీ సిబ్బందిని, కాపరులను కూర్చోబెట్టి అడిగాం. కాపరులు ఒక షరతు పెట్టారు: మార్చిలో ఆ గడ్డి వాళ్లకే దక్కాలి, యంత్రానికి కాదు. న్యాయమే. ఆరో చలికాలం ఆ ముక్కలో యాభై రెండు పక్షులు పడుకున్నాయి. ఒక్క ఏడాది ఫలితం ఇది, గట్టిగా చెప్పడానికి ఇంకా రెండు మూడేళ్లు కావాలి. మొదట దొరికిన ఆ చనిపోయిన పక్షి ఎందుకు చనిపోయిందో మాత్రం ఈ కేసు తేల్చలేదు. పురుగుమందు ప్రమాదం లేదని ఎవరూ దీన్ని చదివి అనుకోవద్దు. పక్షులు కనపడకపోవడానికి ఇక్కడ కారణం అది కాదు, అంతవరకే.

మా పద్ధతిలో మార్చుకున్నవి

ట్యాగ్ ఆగితే ఇప్పుడు మేం బయలుదేరే ముందు పట్టిక చదువుతాం: స్థానిక సమయం, బ్యాటరీ వోల్టేజి, చుక్కల మధ్య దూరం, ఆ వారం వాతావరణం. తక్కువ బ్యాటరీలో తీసుకునే చుక్కలను రెండుగా మార్చాం, ఒకటి రాత్రి, ఒకటి మధ్యాహ్నం. రెండూ ఒకేచోట పడితేనే పరుగెత్తాలి. ఊళ్లో అడుగుపెట్టాక మొదటి ప్రశ్న మందు గురించి కాదు, "ఈ పక్షిని మీరు ఎక్కడెక్కడ చూస్తున్నారు?" అని. జీపులో ఐసు పెట్టె, అల్యూమినియం రేకు ఎప్పుడూ ఉంటాయి. తాజాగా చనిపోయిన పక్షి దొరికితే అటవీశాఖ సమక్షంలో కాలేయం నమూనా చెడకుండా పంపాలి. వీటన్నిటికంటే నాకు కష్టమైంది, ముందే ఒక కథ నమ్మి వెళుతున్నానా అని బృందంలో ఎవరో ఒకరు నన్ను అడగాలని పెట్టుకున్న నియమం. ఆ పని ఆ చిన్నమ్మాయిదే.

మా ఆడపక్షి ఏప్రిల్ మొదటి వారంలో వెళ్లిపోయింది. చివరి చుక్క రాజస్థాన్‌లో పడింది, తర్వాత ఆరు నెలలు టవర్ అందలేదు. అక్టోబరులో తిరిగి మన టవర్ల పరిధిలోకి రాగానే, దాచుకున్న చుక్కలన్నీ ఒక్కసారిగా దిగాయి, కజకిస్తాన్ స్టెప్పీలో గడిపిన వేసవితో సహా. ఆమె రాత్రి పదకొండున్నర చుక్క మళ్లీ ఆ కంప వేసిన బీడులోనే పడింది. ఆ బీడు అన్నదమ్ములకు ఈ సంక్రాంతికి రాజీ కుదిరిందని రైతు ఫోన్ చేసి చెప్పాడు. వచ్చే ఖరీఫ్‌కు దున్నుతారట. పాత గడ్డిభూమిలో పదిహేను ఎకరాలను ముప్పై చెయ్యమని కాపరులను అడగడానికి రేపు వెళుతున్నాం.